పదిహేడో పిల్ల

ఆ ఉదయం గాజువాక అంగన్‌వాడీలో ఆయా నారాయణమ్మ పదహారు మంది పిల్లలకి మొహాలు కడిగింది. పదిహేడో పిల్ల ఆమె మనవరాలు, మూడేళ్ల నీలిమ. దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చింది.

టీచరు మధులత ముందురోజే చెప్పింది. "రేపు నాణ్యత చూడ్డానికి పైనుంచి వస్తన్నారు. నీ ఎండుపుల్లని చూస్తే మన గ్రేడు పోద్ది. తేకు."

"బరువు సాలని పిల్లలకే గదా టీచరమ్మా రెండో గుడ్డిత్తన్నారు? రేపది ఏటి తింటాది?"

"గుడ్డు కావాలా, ఉద్యోగం కావాలా?"

అధికారులు తూకం రిజిస్టరు చూశారు. తొమ్మిది కిలోల నీలిమ పేరు పక్కన మధులత ముందే పన్నెండున్నర వేసి పెట్టింది. సెంటర్‌కి 'ఎ' గ్రేడు వచ్చింది. అందరితోపాటు నారాయణమ్మా చప్పట్లు కొట్టింది.

బరువు సరిపోయిందని నీలిమ పేరు జాబితాలోంచి తీసేశారు. మర్నాడు రెండో గుడ్లు నాలుగింటికి బదులు మూడే వచ్చాయి. నారాయణమ్మే వలిచి, మనవరాలు చూస్తుండగా మిగతా ముగ్గురికీ పెట్టింది.