ప్యానెల్ వెనక చెయ్యి

చుతిమా మొద్దు కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తాను. ఎందుకంటే రెండేళ్ళుగా థాయిలాండ్‌లోని మా రయోంగ్ మార్కెట్లో అందరూ అలాగే అనుకుంటున్నారు, ఆ పిల్లతో సహా.

మా కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ పిల్లలకు ప్రాసెస్ కంట్రోల్ చెప్పేది నేనే. పాఠం బోర్డు మీద కాదు, నీళ్ళ తొట్టి దగ్గర. నీటిమట్టం ఒక గీత దగ్గర నిలవాలి. కంట్రోలర్‌లో పెట్టిన అంకెలు కుదిరితే వాల్వ్ తనంతట తనే సర్దుకుంటుంది. దూకుడు ఎక్కువైతే నీళ్ళు పొంగి నేలంతా పారతాయి. ల్యాబ్ మెకానిక్ ప్రయూన్‌ని అందరూ లుంగ్ అంటారు, పెదనాన్న వరస. "పొంగనివ్వండి ఆచాన్, తుడిచేది నేనే కదా. కాళ్ళు తడవందే ఈ విద్య రాదు," అనేవాడు. ఆచాన్ అంటే పంతులు. పంతులుకే పాఠం చెబుతున్నాడని నాకు ఒళ్ళు మండేది.

చుతిమా చివరి ఏడాదిలో ఉండగా ఫ్యాక్టరీ పెద్దలు పదిమంది ల్యాబ్ చూడటానికి వచ్చారు. చుతిమా తను లెక్కకట్టిన అంకెలు పెట్టింది. మట్టం పైకీ కిందికీ ఊగడం మొదలైంది. లుంగ్‌కి కనుసైగ చేశాను. అతను ప్యానెల్ వెనక్కి వెళ్ళి, చేతి వాల్వ్ తిప్పుతూ నీళ్ళను గీత దగ్గర నిలబెట్టాడు. చప్పట్లు మోగాయి. పదిమందిలో పిల్ల పరువు కాపాడానని చెప్పుకున్నాను గానీ, సిగ్గు విడిచి చెబుతున్నాను, అది నా పరువు కోసమే. తర్వాతైనా నిజం చెప్పానా? లేదు. అక్కడికక్కడే చుతిమాకు ఉద్యోగం ఇస్తామన్నారు, ఇంకేం చెబుతాను.

మూడు నెలలకు ఫ్యాక్టరీలో వేడినీళ్ళ తొట్టికి అదే ధైర్యంతో అలాంటి అంకెలే పెట్టింది. నీళ్ళు పొంగి ఒక పనివాడి కాలు బొబ్బలెక్కింది. చుతిమా ఉద్యోగం మానేసి, వాళ్ళమ్మ కొట్లో దురియన్ పళ్ళు కోస్తూ కూర్చుంది. నేను ఆ వీధిన నడవడం మానేశాను.

ఈ జూన్‌లో గురువందనం రోజున చుతిమా కాలేజీకి వచ్చింది. పళ్ళెంలో గరిక, వంకాయ పువ్వు, నూరువరహాల పూలు. మోకాళ్ళ మీద కూర్చుని తల వంచింది.

"మీరు చక్కగానే నేర్పారు ఆచాన్. నాకే అబ్బలేదు. క్షమించండి."

పళ్ళెం అందుకోవడానికి నాకు చేతులు రాలేదు. పక్కన లుంగ్ నేల చూపులు చూస్తున్నాడు. ఇప్పుడూ నోరు మూసుకుంటే ఈ పిల్ల చచ్చేదాకా తప్పు తనదే అనుకుంటుంది.

"ఆ రోజు మట్టం నిలిచింది నీ అంకెలతో కాదమ్మా. వెనక నుంచి లుంగ్ వాల్వ్ తిప్పాడు. తిప్పమన్నది నేను."

చుతిమా పళ్ళెం కింద పెట్టింది. లుంగ్ వైపు తిరిగింది. "నిజమా లుంగ్?"

"నిజమే తల్లీ. ఆచాన్ మాట కాదనడం చేతకాలేదు. నీకు మొహం చూపించలేక దురియన్ తినడమే మానేశాను."

"తొట్టి పనిచేస్తోందా?"

ల్యాబ్‌లోకి నడిచి చుతిమా పాత అంకెలే పెట్టింది. నాలుగు నిమిషాల్లో నీళ్ళు పొంగి మా ముగ్గురి కాళ్ళూ తడిశాయి. ఒక అంకె తగ్గించింది. మళ్ళీ పొంగింది. ఇంకాస్త తగ్గించి, పెదవి కొరుక్కుంటూ చూసింది. కొత్త పావడా అంచు తడిసి ముద్దయినా పట్టించుకోలేదు. మేమిద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఊగి ఊగి, చివరికి మట్టం గీత దగ్గర ఆగింది.

చుతిమా గోడ గడియారం చూసింది.

"గంటన్నర పట్టింది ఆచాన్. అప్పుడే నాకీ గంటన్నర ఎందుకివ్వలేదు?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది.