కడప నుంచి తిరిగి రాని సోమి

సోమక్క పేరులోనే అక్క ఉంది. కన్నవాళ్లు ముద్దుగా పెట్టారో ముందుచూపుతో పెట్టారో గానీ, కోడుమూరు పక్కనున్న ఆ పల్లెకు ఆమె కోడలిగా వచ్చాక పెద్దిండ్లవాళ్లకు ఆ పేరుతో చిక్కు వచ్చిపడింది. పనికి వచ్చే మనిషిని పట్టుకొని నోరారా అక్కా అనడం ఎట్లా? అందుకని తోక కత్తిరించి సోమి అన్నారు. పెద్దలు అన్నారని వాళ్ల పిల్లలూ అన్నారు. నలభై ఏళ్లు వినీ వినీ, తన పేరు అదేనేమో అని ఆమెకే అనిపించింది.

అట్లాగని సోమక్క ఆషామాషీ మనిషి కాదు. అయిదువందల మందికి రాగి సంగటి చేయాలంటే ఆ చుట్టుపట్ల ఆమె తర్వాతే ఎవరైనా. ఉడుకుతున్న నూకల మీద పిండి గుట్టగా పోసి, మధ్యలో గుంత చేసి, ఆవిరి పైకి తన్నేదాకా కాచుకొని, అప్పుడు తెడ్డు పట్టిందంటే ఇక చెయ్యి ఆగదు. ఆగితే పిండి ఉండ కడుతుంది. ఆమె సంగటిలో ఉండ తగిలిందన్న మనిషి ఈరోజుదాకా పుట్టలేదు. తిన్నవాళ్లందరూ భలే ఉందని మెచ్చుకుంటారు, విందు పెట్టిన యజమానిని! సోమక్క ఆ వేళకు పెరట్లో తెడ్డు కడుక్కుంటూ ఉంటుంది.

ఈ ఎండాకాలం కూతురు నాగలతను చూడ్డానికి కడపకు పోయి పదిరోజులుంది. పక్క వాటాలో రత్నమణి అని ఒక టీచరమ్మ. ఆమెకు సోమి సంగతి తెలియదు కదా పాపం! పొద్దున లేస్తూనే, "సోమక్కా, కాఫీ తాగినారా?" అనేది. అందరూ కలిసి ఆటోలో ఒంటిమిట్టకు పోతే, "సోమక్కా, మీరు ఈ పక్క కూర్చోండి, గాలి తగుల్తాది" అని తన చోటు ఇచ్చింది. ఆ పూట సోమక్క రాముడికి దండం పెట్టుకుంటూ కండ్లు తుడుచుకుంది. ఎందుకని కూతురు అడిగితే కర్పూరం పొగ అంది. మొత్తానికి పదిరోజుల్లో ఆమె చెవులు పూర్తిగా చెడిపోయాయి.

ఊరికి వచ్చిన నాలుగోనాడు పెద్దింటి జీతగాడు వీరేషు వాకిట్లోకి వచ్చి కేక వేశాడు. వాడి వయసు ఆమె వయసులో సగం.

"సోమీ! రేపు సుధీరన్న పెండ్లి విందు ఉండాది. పొద్దున్నే వచ్చి సంగటి కెలకమని అమ్మ చెప్పింది."

సోమక్క చేటలో శెనగకాయలు చెరుగుతూ తల ఎత్తలేదు. వాడు మళ్లీ పిలిచాడు.

"సోమి ఈడ లేదప్పా," అంది తాపీగా.

"లేకపోవడమేంది? యాడికి పోయినాది?"

"కడపకు పోయినాది. తిరిగి రాలా. వచ్చింది సోమక్క. ఆయమ్మతో ఏమన్నా పని ఉంటే చెప్పు."

వాడు నోరు తెరుచుకొని అట్లే వెనక్కి పోయాడు. లోపలినుంచి మొగుడు దేవేంద్రప్ప పరుగున వచ్చాడు.

"ఏమ్మే, తిక్క పట్టినాదా నీకు? పెద్దింటోళ్లతో పెట్టుకుంటాండావు!"

"నేనెవరితోనూ పెట్టుకోలేదప్పా. నా పేరు నేను పెట్టుకున్యా, అంతే."

అనడమైతే అనేసింది గానీ, ఆ తర్వాత చేట పక్కన పెట్టి ఆలోచనలో పడింది. ఇక ఏ విందుకూ పిలవకపోతే? తెడ్డు పట్టని బతుకు ఆమెకు ఊహకే అందలేదు. అయినా అన్నమాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

సాయంత్రానికి పెండ్లికొడుకు తల్లి, పెద్దింటి నాగలక్ష్మమ్మే స్వయంగా వచ్చింది, చేతిలో కుంకుమ భరిణె పట్టుకొని. హైదరాబాదు చుట్టాలు సంగటి సంగటి అని కూర్చున్నారు మరి. కర్నూలు నుంచి వచ్చిన వంటవాళ్లకేమో బిర్యానీ తప్ప సంగటి చేతకాదు. ఆమె సోమక్కకంటే రెండేళ్లు చిన్న. "ఏమే సో..." అని మొదలుపెట్టి గుటక మింగింది.

"సోమక్కా! రేపు విందుకు మీరిద్దరూ రావల్ల," అని బొట్టు పెట్టింది.

ఆ ఊళ్లో పనికైతే వీధిలోంచి కేక. చుట్టాలకైతే బొట్టు. రెండూ ఒకటి కావు. నాగలక్ష్మమ్మ తొందరలో ఆ సంగతి మరిచింది. సోమక్క మరవలేదు.

మరునాడు ఎండ ఎక్కినాక, కూతురు కొనిచ్చిన పట్టుచీర కట్టుకొని, మొగుణ్ణి వెంటేసుకొని వెళ్లి మొదటి పంక్తిలో కూర్చుంది. పొద్దుటినుంచి ఆమెకోసం చూసీ చూసీ వంటవాళ్లు తామే కెలికేశారు. నాగలక్ష్మమ్మ చెమటలు కక్కుతూ వచ్చింది.

"ఈడ కూర్చుంటే ఎట్ల సోమక్కా? తెడ్డు నీకోసమే కదా పెట్టినాం!"

"అమ్మా, నువ్వు బొట్టు పెట్టింది కెలకనీకా, తిననీకా?"

పంక్తి అంతా చేతులాపింది. దేవేంద్రప్ప విస్తరిలోకి తల దించుకున్నాడు. నాగలక్ష్మమ్మ తన తప్పు తనకే తట్టి, కడుపు పట్టుకొని నవ్వింది.

"తిననీకే లేవే తల్లీ! తిను!" అని తన చేత్తో నెయ్యి వడ్డించింది.

సంగటి ముద్ద విరిస్తే లోపల పొడిపొడిగా పచ్చిపిండి. హైదరాబాదు చుట్టాలు దాన్నే రుచి అనుకొని తింటున్నారు. సోమక్క నిదానంగా, కోడిపులుసుతో కడుపారా తినింది. చెయ్యి కడుక్కొని తాంబూలం తీసుకుంది. ఆపైన పట్టుకొంగు నడుముకు బిగించి పొయ్యి దగ్గరికి నడిచింది.

"జరగండప్పా. రెండో పంక్తికైనా మనుషులు తినే సంగటి పెడదాం."

ఈ మాటు ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. అందుకే ఆరోజు తెడ్డు పూచికపుల్లంత తేలిగ్గా తిరిగింది. చుట్టాలు పెరట్లోకి వచ్చి మరీ చూశారు. మెచ్చుకోళ్లు ఈసారి నేరుగా ఆమెకే అందాయి.

మూడో పంక్తికి ఆమె ఇంకా కెలుకుతుండగా వెనకనుంచి ఒక ప్లేటు ముందుకొచ్చింది. పట్టుకున్నది నాగలక్ష్మమ్మ.

"అక్కా, నాకొక ముద్ద పెట్టు. ఆకలైతాండాది."

సోమక్కా అని కాదు, ఉత్త అక్కా అని. సోమక్క చెయ్యి ఆగిపోయింది. నలభై ఏళ్లలో మొదటిసారి.

ఆ ముద్దలో ఉండ ఒకటి తగిలే ఉంటుంది. నాగలక్ష్మమ్మ ఏమీ అనకుండా తినేసింది.