పొగమంచులో బాపు గొంతు

మా బాపు దశరథానికి మెల్లగా మాట్లాడటం రాదు. సిరిసిల్లలో ముప్పై ఎనిమిదేళ్లు మరమగ్గాల మోత మధ్య నిలబడ్డ మనిషి. షెడ్డులో పక్కవాడికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గరికి పోయి అరవాల్సిందే. ఆ అరుపే ఇంటికీ వచ్చేది, పెళ్లిళ్లకూ వచ్చేది.

మొన్న వేసవిలో అమ్మనూ బాపునూ కొడైకెనాల్ తీసుకెళ్లాను. సరస్సులో పడవ ఎక్కగానే బాపు అమ్మతో మొదలుపెట్టాడు. "శాంతా, గీ నీళ్లు మన మానేరు వాగంత లోతుంటయా?"

చుట్టుపక్కల పడవలన్నీ మావైపు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

"బాపూ, జర మెల్లగ మాట్లాడు. ఇజ్జత్ పోతున్నది" అని చేత్తో సైగ చేశాను.

బాపు నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత గుర్రాలు చూసినా, మక్కకంకులు తిన్నా ఒక్క మాట లేదు. హమ్మయ్య అనుకున్నాను, పాపిష్టిదాన్ని.

మర్నాడు పైన్ చెట్ల అడవికి వెళ్లాం. దాని వెనక లోయ, కంచె కూడా లేదు. నేను రోడ్డు మీదికి పోయి టీ తెచ్చేసరికి పొగమంచు కమ్మేసింది. బాపు ఒక్కడే చెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మ ఏది?"

"గీడనే ఉండె బిడ్డా. ఎంత పిలిచినా పలుకుతలేదు."

మళ్లీ పిలిచాడు. "శాంతా... శాంతా..." గుసగుసగా. నిన్న నేను చెప్పినట్టే.

అప్పుడే లోయ వైపు నుంచి అమ్మ గొంతు వచ్చింది. "మనీషా, ఏడ ఉన్నరే? నాకు తొవ్వ కనవడ్తలేదు."

నాకు స్పష్టంగా వినిపించింది. బాపు మాత్రం ఇంకా రోడ్డు వైపే చూస్తున్నాడు. అమ్మ అంతసేపూ పిలుస్తూనే ఉందన్నమాట. ఆయనకు వినపడలేదు. ఎన్నేళ్ల నుంచి వినపడటం లేదో నేనెప్పుడూ అడగలేదు.

నా అరుపు కన్నా బాపు గొంతే దూరం పోతుంది. బాపు చెవికి నోరు ఆనించాను. "అమ్మ గటున్నది. గట్టిగ పిలువు."

"అందరు చూస్తరు గద."

"చూడనీ బాపూ."

"శాంతా, గా దిక్కు పోకు! నా మాట దిక్కు రా!"

మగ్గాల షెడ్డంతా దాటి వినిపించే గొంతు అది. ఆపకుండా పిలుస్తూనే ఉన్నాడు. ఆ గొంతు పట్టుకుని అమ్మ ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. చీర కుచ్చిళ్లు బురదయ్యాయి, చెప్పు ఒకటి లేదు. బాపు ఆమె చేయి పట్టుకున్నాక కూడా ఇంకో రెండుసార్లు పిలిచాడు.

సాయంత్రం మళ్లీ పడవ ఎక్కాం. బాపు నావైపు వంగి మెల్లగా ఏదో అన్నాడు.

"గట్టిగ చెప్పు బాపూ" అని ఆయన చెవిలో అరిచాను. చుట్టుపక్కల పడవలన్నీ మావైపు తిరిగాయి.