పెట్టె మీది పేరు

నక్సలైట్ల రోజులవి. మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళు ట్రంకు పెట్టె మీద రాసిన పేరు, ర్యాంకు కనబడకుండా ఏదో ఒకటి కప్పి తెచ్చుకునేవారు. కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్ళే బస్సులో నా పక్కనాయన మాత్రం కప్పలేదు. నల్ల పెట్టె మీద తెల్లటి అక్షరాలు బస్సంతా కనిపిస్తున్నాయి.

కొండగట్టు దాటగానే కండక్టర్ నా భుజం మీది తువ్వాల తీసి పెట్టె మీద పరిచాడు.

"దారిల అన్నలు బస్సులు ఆపుతున్నరు సార్. మాకెందుకీ లొల్లి?"

ఆయన తువ్వాల తీసి, మడతపెట్టి నా చేతికిచ్చి, కండక్టర్ వైపు తిరిగాడు.

"తమ్మీ, శ్రీలంక యుద్ధంల హెలికాప్టర్ నడిపిన. తూటాలు రేకులు చీల్చుకుంట లోపలికొస్తున్నా కిందికి దింపిన. దెబ్బలు తాకిన మనోళ్లను ఎక్కించుకొని లేపిన. మిగిలినోళ్ల కోసం మళ్ల పోయిన. గప్పుడు గీ పేరు ఛాతీ మీదనే ఉండె. మా ఊర్లె దాస్తనా? మా నాయిన నేసిన బట్టయినా కప్పనియ్య."

"మరి ఆపితే ఎట్ల సార్?" అన్నాను.

"ఆపనియ్యి. సదువుకోనియ్యి."

ఎవరూ ఆపలేదు. సిరిసిల్లలో దిగి పెట్టెను భుజానికెత్తుకున్నాడు. అక్షరాలు మెడ వైపుకు వచ్చాయి. పెట్టెను కిందికి దించి, అక్షరాలు బజారు వైపుకు తిప్పి, మళ్ళీ ఎత్తుకున్నాడు.