ముహూర్తాలన్నిటికీ నేనే పెళ్లికొడుకు

ఒక్క లైను మార్చడం మరిచిపోయి, ఒకే సీజనులో ఉన్న ముహూర్తాలన్నిటికీ పెళ్లికొడుకునై కూర్చున్న ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. హాలియా ఊరంతా ముందే నవ్వింది.

తొంభైలు ముగియవస్తున్న కాలం. హైదరాబాదులో కంప్యూటరు కోర్సు చేసి, ఊరిని ఉద్ధరించడానికి దిగాను. ఖలీల్ సాబ్ తన ఫంక్షన్ హాలు బుకింగులన్నీ కంప్యూటరులోకి ఎక్కించమన్నారు. నేను నేర్చుకొచ్చిన విద్య అప్పటికి సరికొత్తది. ప్రోగ్రాములో ఒక 'పెళ్లి'ని తయారు చేస్తే చాలు, అది తనంతట తానే డేటాబేసనే చిట్టాలోకి వెళ్లి తన చోటు చూసుకుని కూర్చుంటుంది. ఏ డేటాబేసులోకి వెళ్లాలో మాత్రం సెట్టింగుల ఫైలులో మనం ఒక్క లైను రాయాలి. నా దగ్గర రెండున్నాయి: హాలువాళ్లు వాడే అసలుది, నా ప్రయోగాలకు ఉత్తుత్తిది. కనెక్షను పనిచేస్తుందో లేదోనని అసలుదానికి కలిపి చూశాను. పనిచేసింది. ఆ సంబరంలో ఆ లైనును మళ్లీ ఉత్తుత్తిదానికి మార్చలేదు.

ఇక ప్రయోగాలు. పెళ్లికొడుకు కావాలి, నాకంటే అందగాడెవరూ తట్టలేదు. పెళ్లికూతురి దగ్గర వేళ్లు వాటంతటవే 'సరోజ' అని కొట్టాయి. హాలుకు ఎదురుగా ఎస్టీడీ బూతు నడిపే అమ్మాయి. ఇక అడగకండి. ప్రోగ్రాము ఆమె తండ్రి పేరు అడిగితే అదీ కొట్టాను. ముహూర్తమున్న ప్రతి రోజూ మా ఇద్దరికీ పెళ్లి చేసి, ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను.

మర్నాడు వెళ్లేసరికి ఖలీల్ సాబ్ తెర ముందు చెమటలు తుడుచుకుంటున్నారు. పక్కనే సరోజ తండ్రి యాదయ్య.

"ఏ తారీఖు చూసినా లగ్గమే ఉన్నది యాదయ్యా."

"ఎవరిది సాబ్?"

"మీ సరోజదే!"

"నేనింక జాగా అడుగనేలేదు, గప్పుడే రాయించిందెవరు? పిలగాడెవరు?"

ఖలీల్ సాబ్ వేలు మెల్లగా నావైపు తిరిగింది. "గీ సత్తిగాడు."

యాదయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "మా పిల్లను మిర్యాలగూడ పిలగానికి ఖాయం చేసుకున్నం. నడుమల నువ్వెవడివిరా?"

"అది ఉత్తుత్తి లగ్గం మామా..."

"మామనా?"

"కాదు, కాకా!" అని దిద్దుకునేలోగా మా బాపు రొప్పుతూ వచ్చాడు. పొద్దున్నే తెర చూసిన ఖలీల్ సాబ్ ఆయనకు ముబారక్ చెబుతూ కబురు పంపారట.

"మీ అమ్మ ఏడుస్తాంది రా! అయినా లగ్గం ఒక్కపారి చేసుకుంటె సాలదా? గిన్ని లగ్గాలెందుకురా?"

నా పెళ్లిళ్లన్నీ ఒక్కొక్కటే తుడిచేశాను. ఒక్క పూటలో అన్ని విడాకులు లోకంలో ఎవరూ ఇచ్చి ఉండరు. యాదయ్య కోరిన తారీఖు ఖాళీ అయింది. రాయబోతుంటే, గొడవ విని రోడ్డు దాటి వచ్చిన సరోజ కీబోర్డు తన వైపు లాక్కుంది.

"జర పక్కకు జరుగు అన్నా. పిలగాని పేరు నేనే కొడ్త."

ఆ 'అన్నా' తగలాల్సిన చోటే తగిలింది.

ఆ రోజే ఆ కంప్యూటరు మీద చెయ్యిపెట్టి శపథం చేశాను: కనెక్షను ఎటు కలిసి ఉందో కళ్లారా చూడకుండా ఒక్క మీటా నొక్కను. పరీక్షకు పెళ్లి తప్పనిసరైతే మా బాపు పేరూ మా అమ్మ పేరూ రాస్తాను. పొరపాటున అసలు డేటాబేసులోకి పోయినా భయం లేదు, ఆ పెళ్లి ఎలాగూ జరిగిపోయినదే.