గున్‌వోర్ టీచరు కొలిచిన ఎండ

గున్‌వోర్ టీచరుకు విసుగొచ్చింది. ఈరోజుది కాదు ఆ విసుగు, ఏళ్ళనాటిది. ఉత్తర నార్వేలోని ఆ రేవు ఊళ్ళో నవంబరులో కొండ వెనక్కి పోయిన సూర్యుడు జనవరి చివర్లో ఓ మధ్యాహ్నం కాసేపు తొంగిచూస్తాడు. ఆ తొలి ఎండ బలమెంతో పిల్లలకు కొలిచి చూపాలని ఆమె పంతం. నల్లరంగు పూసిన డబ్బాలో నీళ్ళు, అందులో థర్మామీటరు. నీళ్ళు ఎంత వెచ్చబడితే ఎండ అంత. ఇంత చిన్న ప్రయోగం ఒక్కసారీ కుదిరి చావలేదు. ఓ ఏడు మబ్బు, ఓ ఏడు మంచు, పోయినేడు సముద్రపు గాలి. ఈ వేసవికి ఆమె రిటైరవుతుంది. ఇక మరో అవకాశం లేదు.

అందుకే ఈసారి గాలి తగలకుండా డబ్బాను తరగతి గదిలోనే, కిటికీ గట్టు మీద పెట్టింది.

సూర్యుడొచ్చే రోజున బడి మధ్యలో వదిలేస్తారు. ఊరంతా బయట నిలబడి జామ్ బన్నులు తింటారు.

"రండి టీచర్, బన్నులు అయిపోతున్నాయి!" గుమ్మంలోంచి తూరున్ అరిచింది. తరగతిలో అందరికంటే నోరున్న పిల్ల.

"మీరు తినండే. నాకు పనుంది."

"సూర్యుడు మీకోసం ఆగడు!"

"నాకు తెలీదా? పోవే!"

బయట కేకలు లేచాయి. కిటికీ పచ్చబడింది. చూపు తిప్పితే లెక్క తప్పుతుందని గున్‌వోర్ తల ఎత్తలేదు. థర్మామీటరులో ఎర్రగీత చక్కగా పైకి పాకింది. ఇన్నేళ్ళకు దేవుడు కరుణించాడనుకుంది.

కేకలు ఆగాయి. కిటికీ మళ్ళీ మసకబడింది. ఎర్రగీత మాత్రం ఆగలేదు.

ఆమెకో బన్ను పట్టుకొచ్చిన తూరున్ డబ్బాలోకి వంగి చూసింది. "ఇదేంటి టీచర్, సూర్యుడు పోయాడుగా, ఇంకా ఎక్కుతోందే?" గట్టు కింద చెయ్యి పెట్టి చురుక్కుమంటే లాక్కుంది.

గట్టు కింద హీటరు. అక్టోబరులో పెట్టిన హీటరును ఆ ఊళ్ళో మే దాకా ఆపరు. అదొకటి ఉందన్న ధ్యాసే ఎవరికీ ఉండదు.

"కొండను తవ్వి ఎలుకను పట్టారు," అని నవ్వబోయిన పిల్ల టీచరు మొహం చూసి మానుకుంది.

గున్‌వోర్ కుర్చీలో కూలబడింది. కోపం కూడా రాలేదు, ఒళ్ళంతా అలసటే. "పోనీ నువ్వు చెప్పు. ఎండ ఎంత వేడిగా ఉంది?"

"వేడా? ఏం లేదు టీచర్, ఒకటే చలి. కానీ మా అమ్మ ఏడ్చేసింది. నాకూ ఎందుకో ఏడుపొచ్చింది. మీకెలా అనిపించింది?"

గున్‌వోర్ తలెత్తి కిటికీ వైపు చూసింది. ఈ బడికి వచ్చిన నాటి నుంచి, మబ్బులేని ఏ ఏడైనా, ఆమె డబ్బా వైపే చూసింది.

"నేను చూడలేదమ్మా," అంది.