రుబ్బడం కసరత్తు కాదట!

మోకాళ్ల నొప్పి చూపిద్దామని మా ఆయన ఈ రోజు నన్ను చిత్తూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు నన్ను ఒక్క మాటైనా అడక్కుండా ఆయనకే చెప్పాడు: "ఇంట్లో ఊరికే కూర్చుంటే ఒళ్లు రాకుండా ఉంటాదా? కసరత్తు చేయించప్పా!"

బావిలో నీళ్లు తోడేదీ, వడ్లు దంచేదీ నేనే. కసరత్తుతో ఒళ్లు తగ్గేదైతే ఈపాటికి నేను గాలికి కొట్టుకుపోవాలి.

సాయంత్రం దోసెలకు రుబ్బుతుంటే ఆయన అరుగు మీంచి కేకేశాడు: "ఏమే, కసరత్తు ఎప్పుడు మొదలుపెడతావు?"

నాకు ఒళ్లు మండింది. "మీరే వచ్చి రుబ్బండి. మీ పొట్టా తగ్గుతాది!"

"నాతో యాడయితాది? పొద్దంతా కచేరీలో కాగితాలు రాస్తా కూర్చోని నడుము పడిపోయుండాది."

చేతులు కడుక్కుని లేచాను. అక్కలారా, రుబ్బి రుబ్బి సన్నబడినవాళ్లు మీలో ఉంటే చెప్పండి. పప్పు రోట్లో సగం నలిగి అలాగే ఉంది. కసరత్తు కావలసినవాళ్లెవరైనా రావచ్చు.